ఒక గ్రూప్ ఫోటో నుంచి 1/48 మిగ్-21 ఎఫ్‌ఎల్: పూర్తి కేస్ స్టడీ

మిగ్-21 యుద్ధవిమానానికి 1/48 సైజు, అంటే 48వ వంతు ప్లాస్టిక్ మోడల్ ఇది. చేసిపెట్టమని అడిగింది హైదరాబాద్ బాలానగర్‌లోని హెచ్‌ఏఎల్ ఏవియానిక్స్ డివిజన్‌లో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన. మన దేశంలో మిగ్-21 తయారీ మొదలైనప్పుడు పనిని మూడు చోట్లకు పంచారు. బాడీ నాసిక్ దగ్గర ఓజర్‌లో, ఇంజిన్ ఒడిశాలోని కోరాపుట్‌లో, లోపలి ఎలక్ట్రానిక్ పరికరాలు హైదరాబాద్‌లో. ఆ పరికరాల బెంచ్ మీద ఆయన ఏళ్ళ తరబడి పనిచేశారు. షోరూముల్లో దొరికే రెడీమేడ్ మిగ్ ఆయనకు వద్దు. తన దగ్గరున్న ఫోటోలోని విమానమే కావాలి.

ఆ ఫోటో 1970ల మొదట్లో ఒక ఎయిర్‌బేస్‌లో తీసిన బ్లాక్ అండ్ వైట్ గ్రూప్ ఫోటో. ముందు రెండు వరుసల్లో మనుషులు, వెనక విమానం ఎడమ పక్క. ముక్కు నుంచి తోక దాకా ఉంది కానీ, కింది భాగం చాలావరకు మనుషుల వెనక దాగిపోయింది. కుడి పక్క అసలు లేదు. రంగు లేదు.

పని ఒప్పుకునేటప్పుడే ఆయనకొక మాట చెప్పాను. "సార్, ఫోటోలో కనబడిందీ, ఆ మోడల్ విమానాలన్నిటికీ కచ్చితంగా ఉండేదీ మాత్రమే పెడతాను. తెలియని చోట ఊహించి నింపను." ఆయనకిది నచ్చింది. "రికార్డులో లేని రీడింగ్ మేం కూడా రాసేవాళ్ళం కాదు బాబూ" అన్నారు. మొత్తం పనికి ఇదే నియమం. ఎక్కువ డీటెయిల్ అంటే ఎక్కువ పార్టులు అతికించడమని మన హాబీలో చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో డీటెయిల్ అనేది సాక్ష్యం. ఆ విమానం మీద, ఆ రోజున అది ఉండి ఉంటేనే దానికి విలువ.

ముందు ఇది ఏ మిగ్-21?

మిగ్-21 అనేది ఒక్క విమానం పేరు కాదు, పెద్ద కుటుంబం. మన వైమానిక దళంలోనే టైప్ 74, 76, 77, 96, 75 అంటూ రకాలున్నాయి. 1963లో చండీగఢ్‌లో 28వ స్క్వాడ్రన్‌తో మొదలైన ఈ ప్రయాణం 2025 సెప్టెంబర్ 26న అదే చండీగఢ్‌లో ముగిసింది. ఇన్నేళ్ళలో ముక్కు, వీపు, తోక, కానోపీ (కాక్‌పిట్ పైన ఉండే అద్దపు కప్పు) అన్నీ మారుతూ వచ్చాయి. రకం తప్పితే తర్వాత ఎంత పనితనం చూపించినా వృథా.

ఫోటోలోది టైప్ 77, అంటే ఎఫ్‌ఎల్. దీన్ని మూడు ఆనవాళ్ళతో తేల్చాను. మొదటిది పిటో బూమ్. ముక్కు ముందుకు పొడుచుకొచ్చే ఆ పొడవాటి గొట్టం తొలి రకంలో ముక్కు కింద ఉండేది. పీఎఫ్, ఎఫ్‌ఎల్ రకాల్లో పైన మధ్యకు వచ్చింది. తర్వాతి రకాల్లో పైనే ఉంటూ కుడివైపుకు జరిగింది. మా ఫోటోలో పైన మధ్యలో ఉంది. రెండోది కానోపీ. ముందు అద్దంతో సహా ఒకే ముక్క, ముందువైపు కీలుతో పైకి లేస్తుంది. ఎస్‌కే రకం ఎజెక్షన్ సీటు ఏర్పాటులో ఈ కానోపీ పైలట్‌తోపాటే లేచి ఎదురుగాలికి అడ్డుగా ఉండేది. ఆ తర్వాత వచ్చిన పీఎఫ్‌ఎం రకంలో ముందు అద్దం విడిగా బిగించి, కానోపీని పక్కకు తెరుచుకునేలా మార్చారు. మూడోది తోక. వెడల్పాటి ఫిన్ (తోక మీద నిలువుగా లేచే రెక్క), దాని మొదట్లో బ్రేక్ పారాచూట్ పెట్టే గొట్టం. ఈ మూడూ కలిసి కనబడితే మన దేశపు విమానం విషయంలో సందేహం ఉండదు.

చెక్ కంపెనీ ఎడువార్డ్ 1/48 సైజులో చేసిన మిగ్-21 కిట్లు ఇప్పటికీ నేను చూసినవాటిలో ఉత్తమం. ప్యానెల్ లైన్లు (రేకులు కలిసే చోటి గీతలు) సన్నగా, రివెట్లు పొదుపుగా ఉంటాయి. ఎఫ్‌ఎల్ అని రాసున్న పెట్టె కోసం వెతకలేదు. పీఎఫ్ పెట్టె నుంచి కానోపీ, ఫ్లాప్స్ (రెక్క వెనక అంచున కిందికి దిగే పలకలు) తీసుకున్నాను. పీఎఫ్‌ఎం పెట్టె నుంచి వెడల్పు ఫిన్, పారాచూట్ గొట్టం. ఫ్లాప్స్ గురించి ఒక మాట చెప్పాలి, చాలామంది ఇక్కడ చూసుకోరు. పీఎఫ్‌ఎంలో ఫ్లాప్ మీదుగా ఇంజిన్ గాలిని ఊదే ఎస్‌పీఎస్ ఏర్పాటు ఉంది. అందువల్ల ఫ్లాప్ మధ్యలో దాన్ని కదిపే పరికరం మీద ఒక చిన్న ఉబ్బు కనిపిస్తుంది. ఎఫ్‌ఎల్‌కు ఆ ఏర్పాటు లేదు, ఆ ఉబ్బూ ఉండకూడదు. మోడల్ మీద అది బియ్యపు గింజంత కూడా ఉండదు. తెలిసిన కన్ను మాత్రం ముందు అక్కడికే వెళ్తుంది.

ఫోటోను కొలవడం

గ్రూప్ ఫోటో నుంచి కొలతలు తీయాలంటే తెలిసిన సైజు ఒకటి కావాలి. ఇద్దరు మనుషుల మధ్య సందులోంచి ఎడమ ప్రధాన చక్రం దాదాపు పూర్తిగా కనిపించింది. దాని టైరు వ్యాసం 800 మిల్లీమీటర్లు, 1/48లో 16.7 మిల్లీమీటర్లు. ఫోటోను పెద్దగా స్కాన్ చేసి, ఆ చక్రాన్ని స్కేలుగా పెట్టుకుని సీరియల్ నంబర్ అక్షరాల ఎత్తు, రౌండెల్ (వైమానిక దళపు గుండ్రటి గుర్తు) వ్యాసం లెక్కగట్టాను. కెమెరా కోణం వల్ల ముక్కువైపు, తోకవైపు కొలతలు సాగుతాయి. అందుకే చక్రానికి దగ్గరగా, అదే తలంలో ఉన్నవాటికే ఈ లెక్కను వాడాను. ఫిన్ మీది జెండా చారలను ఫిన్ వెడల్పుతోనే పోల్చుకున్నాను.

అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించింది లోహపు రంగుల గురించి. పెయింట్ వేయని అల్యూమినియం రేకుల విమానం ఫోటోలో కొన్ని రేకులు తెల్లగా, కొన్ని నల్లగా కనిపిస్తాయి. అవన్నీ వేర్వేరు లోహాలనుకుని మోడల్ మీద గళ్ళు గళ్ళుగా వెండి, బూడిద రంగులు వేయడం ఇప్పుడు ఫ్యాషన్. అక్కడే జాగ్రత్త అవసరం. మెరిసే రేకు తన రంగు కన్నా తన ఎదురుగా ఉన్నదాన్నే ఎక్కువగా చూపిస్తుంది. కొంచెం వంపు మారితే చాలు, ఒక రేకులో ఆకాశం, పక్క రేకులో నేల ప్రతిబింబిస్తాయి. ఒకే విమానాన్ని రెండు కోణాల్లో తీస్తే ఒకదానిలో నల్లగా ఉన్న రేకు ఇంకోదానిలో తెల్లగా ఉండొచ్చు. కాబట్టి ఒక్క ఫోటోను నమ్మి ఏ ప్యానెల్‌కూ వేరే రంగు ఇవ్వలేదు. ఇదే రకం విమానాల ఫోటోలు వేర్వేరు కోణాల్లో తీసినవి పక్కపక్కన పెట్టుకుని, అన్నిటిలోనూ ముదురుగా కనిపించిన చోట్లనే ముదురు చేశాను. అలా మిగిలినవి చాలా కొద్ది: తోక చివర ఇంజిన్ వేడి తగిలే భాగం, గాలి లోపలికి వెళ్ళే మూతుల చుట్టూ కొంత, ఇంకా ఒకటి రెండు మూతలు. మిగతా బాడీ అంతా ఒకటే లోహం. కాంతిని బట్టి తేడా చూపించే పని లోహపు పెయింటే చేసుకుంటుంది.

మ్యూజియంల ముందు, గేట్ల దగ్గర నిలబెట్టిన మిగ్‌లను రంగుల కోసం చూడలేదు. వాటికి ఎన్నోసార్లు పెయింట్ వేసి ఉంటారు, ఒక విమానం మూతలు ఇంకో దానికి బిగించి ఉంటారు. లాండింగ్ గేర్, చక్రాల గదుల లోపలి అమరిక తెలుసుకోవడానికి మాత్రం అవి చాలా ఉపయోగం.

కాక్‌పిట్

మిగ్-21 కాక్‌పిట్ అనగానే నీలం కలిసిన ఆకుపచ్చ రంగు గుర్తొస్తుంది. పైలట్ కళ్ళకు హాయిగా ఉంటుందని ఆ రంగు ఎంచుకున్నారంటారు. మా ఫోటోలో కాక్‌పిట్ లోపల ఏమీ కనబడదు. ఇక్కడ ఆయన జ్ఞాపకాన్ని సాక్ష్యంగా తీసుకున్నాను. కానీ "ఏ రంగు సార్?" అని అడిగితే అందరూ చెప్పే జవాబే వస్తుంది. అందుకని కొద్దికొద్ది తేడాలతో ప్లాస్టిక్ ముక్కల మీద రంగులు వేసి, వెనక గుర్తులు రాసి, వాటి వరుస మార్చి ఒకసారి ట్యూబ్‌లైట్ కింద, ఒకసారి బాల్కనీ ఎండలో చూపించాను. రెండుసార్లూ ఆయన ఒకే ముక్క తీశారు. దానికి కొంచెం తెలుపు కలిపి కాక్‌పిట్‌కు వేశాను. అంత చిన్న గదిలో అసలు రంగు వేస్తే చీకటిగా, ముదురుగా కనిపిస్తుంది.

ఇన్‌స్ట్రుమెంట్ ప్యానెల్‌కు ముందే రంగులు ముద్రించిన లోహపు రేకు కిట్‌లోనే వస్తుంది. డయళ్ళు చదవగలిగేంత స్పష్టంగా ఉంటాయి. ఒక్కో డయల్ మీద అద్దం మెరుపు కోసం క్లియర్ వార్నిష్ చుక్క పెట్టాను, అంతే. సీటు బెల్టులు లోహపు రేకువే. వాటిని మంట మీద కాస్త చూపించి మెత్తబరిచి, సీటు మీద బట్టలా వాలేలా వంచాను. సీటు వెనక, పక్కల ఉండే గొట్టాలు, వైర్లు కానోపీ మూసి ఉంటే సగం కూడా కనిపించవు. ఫోటోలో కానోపీ తెరిచే ఉంది. కాబట్టి కష్టపడాల్సి వచ్చింది, ఆ కష్టం ఇష్టంగానే పడ్డాను.

వైర్లకు రాణిగంజ్‌లో మోటార్లు వైండింగ్ చేసే షాపుల్లో దొరికే రాగి తీగ వాడతాను. 0.2 మిల్లీమీటర్ల తీగ 1/48లో దాదాపు ఒక సెంటీమీటరు లావు పైపు అవుతుంది. చాలా మోడల్స్‌లో బ్రేక్ పైపులు నీళ్ళ పైపుల్లా కనిపించడానికి కారణం ఈ లెక్క వేసుకోకపోవడమే. సన్న బ్లేడ్లు, చిమటాలు కోఠీలో సర్జికల్ సామాన్ల షాపుల్లో తీసుకుంటాను. 11 నంబర్ సర్జికల్ బ్లేడును మించిన కత్తి ఈ పనికి నాకింకా దొరకలేదు.

గాలి గొట్టం, ఎగ్జాస్ట్, బరువు

మిగ్-21 ముక్కు తెరిచిన గొట్టం. మధ్యలో రాడార్ ఉన్న కోన్, చుట్టూ గాలి వెళ్ళే దారి. ఎదురుగా చూసేవాళ్ళకు లోపల కొంత దూరం కనిపిస్తుంది కాబట్టి అక్కడ అతుకులు కనబడకూడదు. చెయ్యి దూరదు, ఉప్పుకాగితం అందదు. దీనికొక పద్ధతి ఉంది: గొట్టం అతికించాక ఒక చివర టేపుతో మూసి, చిక్కటి పెయింట్ లోపల పోసి, గుండ్రంగా తిప్పి, మిగిలింది వంచేసి తలకిందులుగా ఆరబెట్టడం. సన్న అతుకులు వాటంతటవే పూడిపోతాయి. లోతైనవాటికి ముందే సూపర్‌గ్లూ పారించాలి.

ఎగ్జాస్ట్ మూతి అంచు మందం ప్లాస్టిక్‌లో సుమారు ఒక మిల్లీమీటరు వచ్చింది. నిజం విమానం మీద అది 48 మిల్లీమీటర్ల గోడ అన్నమాట! లోపలివైపు నుంచి బ్లేడుతో గీకి 0.3 మిల్లీమీటర్ల దాకా తెచ్చాను. ఓపిక కావాలి తప్ప పెద్ద నైపుణ్యం అక్కర్లేదు. మొత్తం మోడల్‌లో కష్టానికి తగ్గ ఫలితం ఎక్కువగా కనిపించేది ఇక్కడే అనిపిస్తుంది నాకు.

ముక్కులో బరువు అవసరమో కాదో ముందే తేల్చుకోవాలి. బాడీని టేపుతో బిగించి, ప్రధాన చక్రాలు ఉండే చోట పెన్సిల్ మీద ఆనించి చూశాను. తోక వైపుకు ఒరగకుండా ఉండాలంటే కొంత సీసం పెట్టడం మంచిదనిపించింది. చేపల గాలానికి వాడే సీసం గుండ్లు కోన్ లోపలా, కాక్‌పిట్ కింద ఖాళీలోనూ అమర్చాను. వీటిని ఫెవికాల్ లాంటి తెల్ల జిగురుతో అతికించకూడదు. ఆ జిగురు నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి సీసం ఏళ్ళ మీద తెల్లటి పొడిగా మారి, ఉబ్బి, బాడీని లోపల నుంచి చీల్చేస్తుంది. ఎపాక్సీ వాడాలి. బాగా చేసిన పాత మోడల్స్ ఇలా పగిలిపోవడం చూశాను.

రెక్కలు అతికించేటప్పుడు కోణం చూసుకోవాలి. మిగ్-21 రెక్కలు కొద్దిగా కిందికి వాలి ఉంటాయి, 2 డిగ్రీలు. అసలు విమానం రెక్కల మొత్తం వెడల్పు 7.154 మీటర్లు, మోడల్‌లో 149 మిల్లీమీటర్లు. బాడీ దగ్గర నుంచి రెక్క కొన దాకా ఆ వాలు రెండు మిల్లీమీటర్ల చిల్లర అవుతుంది. చూడటానికి ఏముందిలే అనిపించే తేడా. ఒక రెక్కకు ఉండి రెండోదానికి లేకపోతే మాత్రం ఎదురుగా చూసిన ప్రతివాళ్ళకీ ఏదో తేడాగా ఉందని తెలిసిపోతుంది. గట్టి అట్ట మీద ముందు నుంచి కనిపించే ఆకారం గీసి, కోసి, అందులో బాడీని కూర్చోబెట్టి జిగురు పూర్తిగా ఆరేదాకా కదపలేదు.

ఉపరితలం: అసలు పని ఇక్కడే

పెయింట్ వేసిన విమానం కొన్ని లోపాలను దాచుకుంటుంది. వెండి రంగు దేన్నీ దాచదు. వీపు మీది అతుకు, ఉప్పుకాగితం గీత, వేలిముద్ర, ఎయిర్‌బ్రష్‌లో పడ్డ దుమ్ము, అన్నీ బయటపడతాయి. 0.25 మిల్లీమీటర్ల గీత అసలు విమానం మీద 12 మిల్లీమీటర్ల గాడి.

అతుకులకు ట్యూబ్ పుట్టీ వాడలేదు. అది ప్లాస్టిక్ కన్నా మెత్తగా ఉంటుంది, పెయింట్‌ను వేరేగా పీల్చుకుంటుంది, లోహపు రంగు వేశాక నీడలా కనిపిస్తుంది. నల్ల సూపర్‌గ్లూ పూసి, అది మరీ గట్టిపడకముందే అరగదీశాను. ఆలస్యం చేస్తే చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కన్నా అది గట్టిగా తయారై, పక్కన గుంట పడుతుంది. 400 నంబర్ కాగితంతో మొదలుపెట్టి 800, 1500, 2000, ఆ తర్వాత పాలిషింగ్ గుడ్డలు. ప్రతి దశలో ముందు దశ గీతలకు అడ్డంగా రుద్దాలి. అప్పుడే పాతవి పోయాయో లేదో తెలుస్తుంది.

అరగదీతలో పోయిన ప్యానెల్ లైన్లను మళ్ళీ గీయడానికి డైమో టేపు (గట్టి లేబుల్ టేపు) అంచును ఆసరాగా పెట్టుకుని సూదితో గీశాను. బలం అస్సలు పెట్టకూడదు, సూది బరువుతోనే ఎన్నో సార్లు లాగాలి. రివెట్ల దగ్గర ఆగి ఆలోచించాను. 5 మిల్లీమీటర్ల రివెట్ తల 1/48లో 0.1 మిల్లీమీటర్. రెండు అడుగుల దూరం నుంచి చూస్తే అది దాదాపు కనిపించకూడదు. రివెట్ చక్రం కొని బాడీ అంతా చుక్కలు పొడిచేసే అలవాటు ఇప్పుడు బాగా పెరిగింది. ఫోటోల్లో బాగుంటుంది, నిజంగా ఎదురుగా చూస్తే విమానం కుట్టుమిషన్ కింద పెట్టి తీసినట్టు ఉంటుంది. అరగదీసినప్పుడు పోయినవి మాత్రమే తిరిగి పెట్టాను.

తర్వాత నిగనిగలాడే నల్ల బేస్. ఆల్‌క్లాడ్ లాంటి లోహపు లాకర్లు ఈ నలుపు మీదే మెరుస్తాయి. నలుపు అద్దంలా లేకపోతే పైన వెండి మసిబారినట్టు వస్తుంది. ఇక్కడ మన వాతావరణం సంగతి చెప్పాలి. వర్షాకాలంలో హైదరాబాద్‌లో లాకర్ కొడితే, థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు ఉపరితలం చల్లబడి గాలిలో తేమ దాని మీద పట్టుకుంటుంది. పెయింట్ తెల్లబారిపోతుంది. దీనికి నా ఏర్పాట్లు: గదిలో తేమ కొలిచే చిన్న మీటరు, 60 శాతం దాటితే ఆ రోజు లాకర్ పని లేదు. కంప్రెసర్ దగ్గర ఒకటి, ఎయిర్‌బ్రష్ పైపుకు ఒకటి తేమ పట్టే ఫిల్టర్లు. నెమ్మదిగా ఆరే లెవెలింగ్ థిన్నర్. ఎండాకాలంలో కథ తిరగబడుతుంది. పెయింట్ విమానం మీద పడేలోపే గాలిలో ఆరిపోయి ఇసుకలా గరుకుగా పడుతుంది. అప్పుడూ ఆ థిన్నరే కాపాడుతుంది. కార్ పెయింట్ షాపుల్లో చవగ్గా దొరికే ఎన్‌సీ థిన్నర్ ఎయిర్‌బ్రష్ కడగడానికి మాత్రమే, ప్లాస్టిక్ మీద పడితే కరిగించేస్తుంది. లాకర్ కొట్టేటప్పుడు ఆర్గానిక్ వేపర్ ఫిల్టర్లున్న మాస్క్ తప్పనిసరి. మామూలు సర్జికల్ మాస్క్ ఆ ఆవిరిని ఆపదు. కిటికీ తెరిచాను కదా అనుకునేవాళ్ళను చూస్తే నాకు భయం వేస్తుంది.

వెండి పొరలు పలచగా, 12 నుంచి 15 పీఎస్ఐ ఒత్తిడితో, దగ్గర నుంచి కొట్టాను. నలుపు పూర్తిగా మూసుకోకముందే ఆగాలి. అడుగున ఉన్న ఆ కాస్త నలుపే లోహానికి లోతు ఇస్తుంది. తోక చివర వేడి తగిలే భాగానికి ముదురు లోహపు రంగు వేసి, పైన పలచటి గోధుమ, నీలం పొరలు తాకీ తాకనట్టు కొట్టాను. మాస్కింగ్ టేపును ముందు అరచేతి మీద అంటించి తీసి, జిగురు తగ్గించాకే వాడాను. ముక్కు కోన్, ఫిన్ కొన లోహం కావు, రాడార్, రేడియో తరంగాలు దాటిపోయే పదార్థంతో చేసినవి. వీటికి ఆకుపచ్చ వేశాను. చక్రాల మధ్య భాగాలకు సోవియట్ విమానాల్లో కనిపించే ఆ ముదురు ఆకుపచ్చ రంగు. "పచ్చగానే ఉండేవి, దూరం నుంచి కూడా తెలిసేవి" అని ఆయన చెప్పారు.

గుర్తులు

వైమానిక దళం రౌండెల్‌లో మధ్యలో కాషాయం, చుట్టూ తెలుపు, బయట ఆకుపచ్చ. వీటికి డెకాల్స్ (నీళ్ళలో తడిపి అతికించే పలచటి ముద్రిత బొమ్మలు) దొరుకుతాయి. కానీ వెండి రంగు మీద రెండు ఇబ్బందులు వస్తాయి. కాషాయం కింద తెలుపు పలచగా ఉంటే లోహం కనబడి రంగు మట్టిగా మారుతుంది. డెకాల్ చుట్టూ ఉండే పారదర్శకమైన అంచు లోహం మెరుపును అక్కడ చంపేస్తుంది. ముందు ఒక పాత రెక్క మీద వేసి చూస్తే రెండూ కనిపించాయి. అందుకే రౌండెళ్ళు, ఫిన్ మీది చారలు, సీరియల్ నంబర్ అన్నీ మాస్కులు కోసి పెయింట్ చేశాను. ముందు తెలుపు మొత్తం, దాని మీద మధ్యలో కాషాయం, చివర బయటి పచ్చ. వృత్తాలు కోయడానికి సర్కిల్ కట్టర్. పెయింట్ పొర 0.05 మిల్లీమీటర్లు ఉన్నా అసలు సైజులో అది 2.4 మిల్లీమీటర్ల దిమ్మె, కాబట్టి ప్రతి రంగూ వీలైనంత తక్కువ పొరలతో ముగించాలి. మాస్క్ తీశాక అంచు గట్టును పాలిషింగ్ గుడ్డతో ఒక్కసారి అలా తాకించాను.

చిన్న అక్షరాల హెచ్చరికల విషయంలో నియమం కఠినంగా పాటించాను. కిట్‌తో వచ్చే స్టెన్సిల్స్ అన్నీ అతికిస్తే విమానం నిండుగా కనిపిస్తుంది. మా ఫోటోలో మచ్చలాగైనా ఏదో రాత ఉన్నట్టు తెలిసిన చోట్లనే పెట్టాను. మిగతాచోట్ల ఖాళీ వదిలాను. కుడి పక్కకూ అంతే. సీరియల్, రౌండెల్, ఫిన్ చారలు రెండు పక్కలా ఉండేవే కాబట్టి వేశాను. ఎడమ పక్క ఫోటోలో కనిపించిన నూనె మరక, ఒక మూత చుట్టూ మురికి కుడివైపు వేయలేదు. ఎడమ, కుడి ఒకేలా ముసలివవ్వాలని రూలేమీ లేదు.

ఆయుధాలు లేకుండా

ఇది చూసిన హాబీ మిత్రులు దాదాపు అందరూ అడిగింది ఒకటే: మిస్సైళ్ళు ఏవి? ప్రశ్నలో న్యాయం ఉంది. ఎఫ్‌ఎల్ చరిత్రలో గొప్ప ఘట్టాలు ఆయుధాలవే. ఈ రకానికి లోపల తుపాకీ లేదు. పొట్ట కింద 23 మిల్లీమీటర్ల జీఎస్‌హెచ్-23 తుపాకీ ఉన్న జీపీ-9 పాడ్ (బయట బిగించే గూడు) తగిలించేవారు. 1971 డిసెంబర్ 14న ఢాకాలో గవర్నర్ భవనం మీద దాడి చేసినవాటిలో 28వ స్క్వాడ్రన్ మిగ్-21లు ఉన్నాయి. వింగ్ కమాండర్ బి.కె. బిష్ణోయ్ నాయకత్వంలో నాలుగు విమానాలు, ఒక్కోదానికి రెండు రాకెట్ పాడ్లు, పాడ్‌కు 16 చొప్పున మొత్తం 128 రాకెట్లు. ఆ పాడ్లు పెట్టి చేస్తే చూసేవాళ్ళు ఆగిపోతారు.

మా ఫోటో యుద్ధం రోజు కాదు. విమానం ముందు నిలబడినవాళ్ళు టెక్నీషియన్లు. రెక్క కింద లాంచర్ పట్టాలు ఖాళీగా కనిపిస్తున్నాయి, పొట్ట కింద ఇంధనపు ట్యాంకు ముక్కు ఒకరి భుజం పక్కన తొంగిచూస్తోంది. కాబట్టి ఖాళీ పట్టాలు, 490 లీటర్ల ట్యాంకు. పెద్దాయన కోరిక కూడా అదే. "మేం పనిచేసిన రోజు అట్లాగే ఉంది" అన్నారు. మరమ్మతు చేసి నిలబెట్టిన విమానానికి దక్కాల్సిన గౌరవం యుద్ధవిమానానికి దక్కే గౌరవం కన్నా తక్కువేమీ కాదని నేను గట్టిగా నమ్ముతాను. మోడలర్లు ఈ రోజువారీ విమానాలను ఇంకా ఎక్కువగా చేయాలి.

అప్పగింత

పిటో బూమ్‌ను ప్లాస్టిక్‌ది వదిలేసి ఇత్తడి గొట్టంతో పెట్టాను. ప్లాస్టిక్ బూమ్ కాలం గడిచేకొద్దీ వంగుతుంది, సన్నబరిస్తే విరుగుతుంది. బూమ్‌తో కలిపి మోడల్ ఒక అడుగు దాటుతుంది. ఆటోలో, కారులో తీసుకెళ్ళేటప్పుడు ముందు పోయేది అదే. అందుకని ముక్కు లోపల ఇంకో సన్న గొట్టం దించి, బూమ్ అందులోకి దూరేలా చేశాను. జిగురు లేదు, బిగుతుతోనే నిలబడుతుంది. అడుగున నల్ల పలక, పైన యాక్రిలిక్ పెట్టె. పెట్టె అడుగు చెక్కకు వార్నిష్ ఆవిర్లు పూర్తిగా పోయేదాకా మోడల్ పెట్టలేదు. మూసిన పెట్టెలో ఆ ఆవిరి సన్నటి లోహపు పెయింట్‌ను మసకబారుస్తుంది.

మోడల్‌తోపాటు ఒక కాగితం కూడా ఇచ్చాను. అందులో రెండు నిలువు వరుసలు. ఒకదానిలో ఫోటోలో కనిపించినవి, రెండోదానిలో ఆ రకం విమానాలన్నిటికీ ఉండేవి కాబట్టి పెట్టినవి. కాక్‌పిట్ రంగు, చక్రాల పచ్చ పక్కన "యజమాని జ్ఞాపకం" అని రాశాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని మోడల్ కన్నా ముందు ఆ కాగితమే చదివారు. ఫిన్ కొన పచ్చ ఇంకాస్త ముదురుగా ఉండేదన్నారు. దాన్నీ కాగితంలో చేర్చి, మరుసటి వారం ఒక పలచటి పొర అదనంగా కొట్టి ఇచ్చాను. కుడి పక్క ఫోటో ఎవరి దగ్గరైనా దొరుకుతుందేమోనని ఆయన పాత సహోద్యోగులను అడుగుతున్నారు. దొరికితే ఆ పక్కన వదిలిన ఖాళీలు నింపడానికి వీలుగా వెండి మీద క్లియర్ కోట్ వేయకుండా ఉంచాను. విడి బూమ్ ఒకటి, అదే బ్యాచ్ వెండి పెయింట్ చిన్న సీసా పెట్టెతోపాటు ఇచ్చాను.